పిల్లల పేజీలో ఒక సీరియల్ కథ కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

ప్రతి ఆదివారం మీ పత్రికలో వచ్చే పిల్లల పేజీని మా మనుమరాలి కోసం కత్తిరించి ఫైలులో దాచిపెట్టే పాఠకురాలిని నేను. అందులో పొడుపుకథలు, చుక్కలు కలిపే బొమ్మ, జంతువుల విశేషాలు, పావు పేజీలో ముగిసిపోయే ఒక కథ, ఆ కథ కింద లావు అక్షరాలలో దాని నీతి ఉంటున్నాయి. వీటిలో దేనినీ తీసివేయమని నేను అడగడం లేదు. వారం వారం కొనసాగే ఒక పెద్ద కథకు, చివర నీతి గాని ప్రశ్నలు గాని లేని కథకు, ఆ పేజీలో చోటు కల్పించవలసిందిగా కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లలు కథను చదివి పక్కన పెట్టేయకుండా అందులోని మనుషులుగా మారి ఆడుకోవాలంటే, ఆ కథ ఒక్క పూటలో అయిపోకూడదని నా నమ్మకం. ఆ నమ్మకం నా బాల్యం నుంచి వచ్చింది.

నేను 1962లో తెనాలి పక్కన ఒక పల్లెలో పుట్టాను. పిల్లల మాసపత్రిక ‘చందమామ’ను 1947 జూలైలో నాగిరెడ్డి గారితో కలిసి ప్రారంభించిన చక్రపాణి గారిదీ, 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే కావడంతో, మా నాన్నగారు దానిని సొంత చేలో పండిన పంటలాగా చూసుకునేవారు. నెలనెలా ఆయన బజారు పని మీద వెళ్ళి, సంచిలో బెల్లం పొట్లం పక్కన పెట్టుకుని తెచ్చిన సంచికను అన్నయ్య అరుగు మీద కూర్చుని పైకి చదివితే, నేనూ పక్కింటి పిల్లలు ఇద్దరూ చుట్టూ చేరి వినేవాళ్ళం. చదవడం అరగంటలో అయిపోయేది. ఆట మాత్రం మళ్ళీ సంచిక వచ్చే దాకా నెల పొడుగునా సాగేది.

ఆ ఆటకు ముఖ్యమైన ముడిసరుకు చందమామలో వచ్చే దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. వారందరూ జంటలుగానే తిరిగేవారన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు. కథలో వీరుడు ఒక్కడే అయితే నలుగురు పిల్లల్లో ఒకడు వీరుడవుతాడు, మిగిలిన ముగ్గురూ అతని వెంట నడవాలి. ఇద్దరున్నప్పుడు మాటకు మాట అందించేవాడు ఉంటాడు, ఒకడు చిక్కుల్లో పడితే ఇంకొకడు విడిపించడానికి వస్తాడు, ఆట తానే ముందుకు నడుస్తుంది. పేరులోనే కత్తి ఉండడం వల్ల ఖడ్గవర్మ వేషానికి మాలో పోటీ ఎక్కువగా ఉండేది. జనపకట్టెలు కత్తులయ్యేవి, తాటిమట్టలు గుర్రాలయ్యేవి, గోనెసంచి మాంత్రికుడి అంగీ అయ్యేది, బొగ్గుతో మీసాలు, కొబ్బరి పీచుతో గడ్డాలు ఏర్పడేవి. చందమామ చిత్రకారులు ‘చిత్ర’ గారి బొమ్మలను పక్కన పెట్టుకుని తలపాగా కట్టు సరిగా వచ్చిందో లేదో చూసుకునేవాళ్ళం. గడ్డివాము ఏ నెలకు ఆ నెల కొండగా, కోటగా, ఓడగా మారుతుండేది.

సీరియల్ ఎప్పుడూ ప్రమాదం అంచున ఆగేది. కింద ‘ఇంకా ఉంది’ అనే రెండు మాటలు ఉండేవి. ఆ రెండు మాటల తరువాత ఉన్న నెల రోజులూ మావే. గుహలో చిక్కుకున్నవారు ఎలా బయటపడతారో మేము ఒకసారి ఒక రకంగా ఆడి చూసేవాళ్ళం, మరునాడు అది కుదరలేదని ఇంకో రకంగా ఆడేవాళ్ళం, పక్కింటి పిల్లవాడు ఒప్పుకోకపోతే మూడో దారి వెతికేవాళ్ళం. కొత్త సంచిక వచ్చాక రచయిత ఎన్నుకున్న దారిని మా దారులతో పోల్చి చూసుకోవడంలో ఉన్న ఆనందం ఈనాటికీ నాకు గుర్తుంది. కొన్నిసార్లు ఆయన ఉపాయం ముందు మాది వెలవెలబోయేది. కొన్నిసార్లు మాదే బాగుందని అన్నయ్య తీర్పు చెప్పేవాడు. కథ అల్లడం ఎలాగో మాకు ఎవరూ నేర్పలేదు. ఆ నెల రోజుల ఎదురుచూపులో మాకే అలవడింది.

ఆడపిల్లగా నాకు ఆ సీరియళ్ళలో దొరికే వేషాలు తక్కువ. ఎవరో ఎత్తుకుపోయిన రాకుమారిగా వాము వెనక గంటసేపు కూర్చోవడం నాకు నచ్చేది కాదు. నా వేషం నాకు బేతాళ కథలలో దొరికింది. అందరిలోకి తేలికగా ఉండేదానిని కనుక అన్నయ్య విక్రమార్కుడై నన్ను వీపున వేసుకుని దొడ్లోని వేపచెట్టు దగ్గర నుంచి బావి దాకా నడిచేవాడు. అతను నోరు మెదపకూడదు. నేను కథ చెప్పాలి, చివర చిక్కుప్రశ్న వేయాలి. జవాబు తెలిసి చెప్పకపోతే అతని తల పగులుతుంది, చెబితే మౌనం చెడి నేను మళ్ళీ చెట్టెక్కుతాను. తెలివి చూపినవాడే మొదటికి రావలసిన ఇటువంటి ఆట మరొకటి నాకు తెలియదు. దానికి గెలుపు లేదు కనుక ముగింపూ లేదు. అమ్మ అన్నానికి పిలిచే వరకూ సాగుతూనే ఉండేది.

అచ్చులో వచ్చిన కథలను మళ్ళీ చెబితే అన్నయ్యకు జవాబులు ముందే తెలుసు. అందుచేత నేను సొంతంగా అల్లవలసి వచ్చింది. బేతాళ కథల చివర కుండలీకరణాలలో ‘కల్పితం’ అని ఉండేది. దాని అర్థమేమిటని అడిగితే, సంస్కృతంలో ఉన్న ఇరవై అయిదు కథలూ అయిపోయాక చందమామ వారు కొత్తవి అల్లి అదే చట్రంలో బిగిస్తున్నారని, ఆ సంగతి దాచకుండా చెప్పుకుంటున్నారని నాన్నగారు వివరించారు. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద వార్త ఉంటుందా? బేతాళుడి కథలను మనుషులు అల్లవచ్చునని ఆ రోజే నాకు తెలిసింది.

నేను అల్లిన వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకావిడ చేద నూతిలో జారిపడింది. పొరుగింటాయన నూతిలో పడినవాటిని పైకి తీసే కొక్కేల పాతాళగరిగె ఎరువిచ్చాడు, పాలేరు దానిని నూతిలోకి వదిలి దేవాడు. చేదకు బదులు దానికి చిక్కుకుని ఒక బంగారు మురుగు, అంటే చేతి కడియం, పైకి వచ్చింది. అది ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఇల్లు అమ్ముకుని పోయిన ముసలమ్మదని ఊరంతటికీ తెలుసు. చేద పోగొట్టుకున్నావిడ, గరిగె ఇచ్చినాయన, దేవిన పాలేరు, ముసలమ్మ మనుమడు నలుగురూ తమదే అన్నారు, ఎవరికి చెందాలి? అన్నయ్య జవాబు వెదుక్కుంటూ నన్ను మోస్తూనే బావి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మురుగు ముసలమ్మ మనుమడిదేననీ, అయితే పాలేరుకు ఆ రోజు కూలి, గరిగె ఇచ్చినాయనకు కృతజ్ఞత, చేద పోయినావిడకు కొత్త చేద అతను ఇచ్చుకోవాలనీ చెప్పాడు. నేను ‘కల్పితం’ అని అరిచి, కిందికి దూకి చెట్టువైపు పరుగెత్తాను. అప్పటికి అతనికి పదకొండేళ్ళు. న్యాయాన్యాయాలను గురించి ఆ వయసు పిల్లవాడిని అంతగా ఆలోచింపజేసిన నీతివాక్యం ఏదీ నేను ఇంతవరకు చూడలేదు.

తరువాత ముప్ఫై ఏళ్ళు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేశాను. ఒక పాఠశాలలో గ్రంథాలయమంటే తాళం వేసిన బీరువా. తీయమని చాలాసార్లు అడిగితే, పుస్తకాలు నలిగిపోతాయన్న జవాబు వచ్చేది. అక్కడే ఆరో తరగతికి ఒక బేతాళ కథ చదివి, ప్రశ్న దగ్గర ఆపి, ఇద్దరిద్దరు చొప్పున నిలబడి ఒకరు రాజుగా, ఒకరు బేతాళుడిగా జవాబు తేల్చమన్నాను. ఏ ప్రశ్నకూ తలెత్తని ఒక పిల్లవాడు ఆ రోజు బేతాళుడయ్యాడు. రాజు చెప్పిన జవాబును అంగీకరించక, అందులోని లోపాన్ని ఎత్తి చూపి, గంట కొట్టినా వదలలేదు. తన పేరుతో నిలబడి మాట్లాడలేని పిల్ల మరొకరి పేరుతో మాట్లాడగలదని నేను అక్కడ నేర్చుకున్నాను.

ఇప్పుడు మా మనుమరాలి బడిలో బీరువాకు తాళం లేదు, పుస్తకాలు రంగురంగులవి ఉన్నాయి, అందుకు సంతోషమే. కానీ చదివిన ప్రతి పుస్తకానికీ ముఖ్యపాత్ర ఎవరు, నీతి ఏమిటి, కొత్త పదాలు ఐదు రాయుము అనే కాగితం నింపి ఇవ్వాలి. పుస్తకం మూయగానే పెన్సిలు పట్టుకోవలసిన పిల్ల కర్ర ఎప్పుడు పట్టుకుంటుంది? ఈ కాలం పిల్లలు వేషాలు కట్టడం మానేశారని నేను అనను. టీవీలో చూసిన కార్టూన్ వీరుల్లా వాళ్ళూ దూకుతున్నారు, అరుస్తున్నారు. అయితే ఆ వీరుడి గొంతు, నడక, దెబ్బ కొట్టే తీరు అన్నీ ముందే తయారై వస్తాయి. పిల్ల వాటిని అనుకరిస్తే సరిపోతుంది. ఖడ్గవర్మ గొంతు ఎలా ఉంటుందో మాకు ఎవరూ వినిపించలేదు. అది అన్నయ్య గొంతులో ఒకలా, పక్కింటి పిల్లవాడి గొంతులో మరొకలా ఉండేది.

అందువల్ల మీరు వేయబోయే కథ విషయంలో కొన్ని మనవులు. ఒక్కరి కథ కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగే కథ అయితే మేలు. వారిలో కనీసం ఒక ఆడపిల్ల ఉండాలి. ఆమెను ఎవరూ ఎత్తుకుపోకూడదు, దారి వెతికేది ఆమే కావాలి. బొమ్మ ఒకటి చాలు, అది మంచి చిత్రకారులు గీసినది కావాలి. వారానికి వారం కథ ఏదో ఒక చిక్కు దగ్గర ఆగాలి. రచయిత పేరు తప్పక అచ్చువేయండి. నేను అంతగా ప్రేమించిన సీరియళ్ళపై దాసరి వారి పేరు ఉండేది కాదు. అవి ఆయనవని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. 2010లో ఆయన మరణించారని చదివిన రోజు, ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయానని బాధపడ్డాను. మీ పేజీ చదివే పిల్లలకు ఆ బాధ కలగకూడదు.

చోటు చాలదనుకుంటే చుక్కలు కలిపే బొమ్మను రెండు వారాలకొకసారి వేసినా సరిపోతుంది. మొదటి భాగం వచ్చిన ఆదివారం ఆ పేజీని నేను ఫైలులో దాచను. మనుమరాలి చేతికే ఇచ్చేస్తాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
తెనాలి