ఫ్లెక్సీలకు డబ్బులున్నాయి, బంతులకు లేవు

సంపాదకులు గారికి,

బేస్‌బాల్ లాంటి ఆట సాఫ్ట్‌బాల్, దాని వేసవి శిబిరం ముగింపు వార్త పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో ఫొటోతో సహా వచ్చింది. ముందు వరసంతా శాలువాలు కప్పుకున్న పెద్దలే. ఆడిన పిల్లల తలలు వెనక ఎక్కడో కనిపించాయి. శిబిరం దిగ్విజయంగా ముగిసిందని రాశారు. మొదటి రోజు వచ్చిన పిల్లల్లో ఆఖరికి సగం మందైనా మిగల్లేదని మీ విలేకరికి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను పొద్దున్నే నడకకు వెళ్లేది ఆ గ్రౌండుకే. పైగా ఉద్యోగమంతా పీఈటీగా చేసినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను.

పిల్లలు పారిపోయింది పిచింగ్ దగ్గర, అంటే బ్యాటర్‌కు బంతి వేసే చోట. లైను కట్టించి "ఒక్కొక్కరు వంద వెయ్యండి" అనడమే అక్కడ శిక్షణ. ఉన్నవి రెండు బంతులు, అందులో ఒకదానికి కుట్లు ఊడిపోయాయి. ఒకమ్మాయి వేస్తుంటే మిగతావాళ్లంతా ఎండలో గోళ్లు కొరుక్కుంటూ నిలబడాలి. బంతి పక్కకు పోయిందా, గ్రౌండు చుట్టూ ఒక రౌండు. పదేళ్ల పిల్లల చేత కూడా పెద్ద ఆడవాళ్లు వేసే 43 అడుగుల దూరం నుంచే వేయించారు. ఈ ఆట పుట్టిన అమెరికాలో పదేళ్ల లోపు వాళ్లకు 35 అడుగులే. బంతి చుట్టుకొలత కూడా 12 అంగుళాలు కాదు, 11. ఇదేమిటి సార్ అని శిక్షకుణ్ణి అడిగితే, జపాన్ పిచర్ యుకికో ఉయెనో 2008 ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసిందని నాకే పాఠం చెప్పారు. వేసింది, నిజమే. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు, ఆడుతున్నది ఒలింపిక్స్‌లో. ఇక్కడ వేస్తున్నది ఐదో తరగతి పిల్ల, పొద్దున ఏమీ తినకుండా వచ్చింది.

పిచింగ్‌లో చెయ్యి గుండ్రంగా తిప్పి, తుంటి దగ్గరకు రాగానే మణికట్టు విదిలించి వదలాలి. కొత్తలో బంతి ఎటో పోతుంది. దాన్ని ఆటగా మార్చండి, ఆపమన్నా ఆపరు. మా స్కూల్లో కాంపౌండు గోడ మీద చాక్‌పీసుతో డబ్బా గీసేవాళ్లం. వెడల్పు బ్యాటర్ ముందు నేల మీద ఉండే పలక, అదే హోం ప్లేటంత, అంటే 17 అంగుళాలు. ఎత్తు పిల్ల మోకాలి నుంచి చంక దాకా. దాన్ని తొమ్మిది గళ్లు చేసి మూల గళ్లకు మూడు పాయింట్లు, నడిమి గడికి సున్నా. నడిమికి వేస్తే బ్యాటర్ పండగ చేసుకుంటుందని వేరే చెప్పక్కర్లేకుండానే పిల్లలకు బుర్రకెక్కేది. ఎదురుగా మనిషి ఉంటే ఎక్కడ తగులుతుందోనని కొందరికి చెయ్యి బిగుసుకుపోతుంది. వాళ్ల కోసం గడ్డితో దిష్టిబొమ్మ చేసి, పాత చొక్కా తొడిగి బ్యాటర్ చోట నిలబెట్టేవాళ్లం. తగిలితే మైనస్ రెండు. దానికి హెడ్మాస్టరు గారి పేరు పెట్టుకున్నారు భడవలు, నేను విననట్టే ఉండేవాణ్ణి. ఇంకో పందెం జంటలకు: బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్ కదపకుండా బంతి పడితే పాయింటు ఇద్దరికీ. బంతులు చాలకపోతే పాత సాక్సుల్లో గుడ్డపీలికలు కుక్కి కుట్టేవాళ్లం. దగ్గర నుంచి మణికట్టు అలవాటు చేసుకోడానికి అవి చాలు. చీకటి పడ్డాక తరిమితే గానీ ఇళ్లకు పోయేవారు కాదు.

దీనికయ్యే ఖర్చు చాక్‌పీసులు, గడ్డి. ముగింపు సభకు గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీల్లో కొన్ని తగ్గించుకున్నా బంతులు కూడా వచ్చేవి. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మన జిల్లా పిల్లల్ని చూడాలని ముఖ్య అతిథి ఆకాంక్షించారట. సంతోషం. కాకపోతే సాఫ్ట్‌బాల్ జరిగేది ఓక్లహోమా సిటీలో, ఆడేది ఆరే జట్లు. విమానం టికెట్టు తీసుకునే ముందు ఎవరైనా వారికి చెబితే మంచిది.

అసలు స్కూళ్లలో ఆటల పీరియడ్ ఎక్కడుంది? పరీక్షలు దగ్గర పడితే లెక్కల సారుది, లేకపోతే సైన్సు మేడంది. పీఈటీ ఉన్నచోట ఆయన కోడిగుడ్లు లెక్కపెట్టాలి, ఆమధ్య దాకా బాత్‌రూముల ఫొటోలు కూడా యాప్‌లో ఎక్కించాల్సి వచ్చేది. సెలక్షన్స్‌కు ముందు రోజు గ్లవ్ కొన్న పిల్లలు స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టు కోసం టీములో తేలతారు. అనంతపురం, నిజామాబాద్ వైపు పల్లెల ఆడపిల్లలు ఈ ఆట ఆడుతున్నారంటే అది వాళ్ల మొండితనం, ఏదో ఒక పీఈటీ సొంత డబ్బు. ఇక మా గ్రౌండులో ఎన్నికల సభకు షామియానా గుంజ పాతిన గొయ్యి సరిగ్గా పిచర్ నిలబడే చోటే ఉంది. ఎన్నికలు అయిపోయాయి, గెలిచినవారు గెలిచారు, గొయ్యి మాత్రం అలాగే ఉంది. శిబిరం నడిపినవాళ్లు దాని పక్కకు జరిగి గీత గీసుకున్నారు తప్ప తట్టెడు మట్టి వేయించలేదు.

వచ్చే వేసవికైనా ఆ గొయ్యి పూడ్పించి, చిన్న పిల్లల సైజు బంతులు ఒక డజను కొనమనండి. గోడ మీద గళ్లు గీసే మనిషి కావాలంటే నేను వస్తాను. టీఏ, డీఏ అడగను.

– ఒక రిటైర్డ్ పీఈటీ
(పేరు, ఊరు వేయవద్దని మనవి. మా కోడలు అదే శాఖలో పనిచేస్తోంది.)