బీరువాలో పెట్టిన మా గుట్టను బయటికి తీయించండి

గౌరవనీయులైన పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇదే విషయం మీద ఇంతకుముందు పంపుకున్న విన్నపాలకు రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. రసీదులైనా వస్తున్నందుకు సంతోషిస్తూ, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊళ్లో ఏ మొక్కలు, ఏ జంతువులు ఉన్నాయో రాసిపెట్టే పుస్తకం, ఎక్కడికీ పోలేదు. ఎక్కడుందో నాకు బాగా తెలుసు. జిల్లా కేంద్రంలో ఒక కార్యాలయం, మేడ మీద గది, కిటికీ పక్కన ఇనుప బీరువా, కింది నుంచి రెండో అర. ఆకుపచ్చ అట్ట మీద మా బడి పిల్లలు గీసిన పాలపిట్ట బొమ్మ ఉంటుంది. దాన్ని చూడనిచ్చారు. నకలు మాత్రం ఇవ్వలేదు, ఫోటో తీసుకోనివ్వలేదు. ఎందుకని అడిగితే "పైనుంచి ఆదేశాలు లేవండీ" అన్నారు. ఇవ్వవద్దని ఆదేశాలున్నాయా అంటే, అవీ లేవట. ఆ పైన కూర్చున్నది తమరే కాబట్టి తమకే రాస్తున్నాను.

పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది! దేశం మొత్తం మీద రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. మా ఊరు కూడా 'పూర్తయినవి' అన్న గడిలో భద్రంగా ఉంది. అది ఎలా పూర్తయిందన్నదే మీరు ఒకసారి వినాలి.

2020 జనవరి నెలాఖరులోగా రిజిస్టర్ల పని ముగించాలని, లేకపోతే నెలకు 10 లక్షల రూపాయల చొప్పున రాష్ట్రాలు చెల్లించుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది కదా. ఆ గడువు ముంచుకొస్తున్న రోజుల్లో రిజిస్టర్లు రాసే పని తీసుకున్న ఒక సంస్థ కుర్రాళ్లు మా ఊరికి వచ్చారు. పంచాయతీ ఆఫీసులో కూర్చుని టీ తాగి, సర్పంచి గారి సంతకమూ స్టాంపూ వేయించుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల చేతిలో ఇంకా చాలా ఊళ్ల జాబితా ఉంది. కొన్నాళ్లకు పుస్తకం వచ్చింది. తెరిచి చూస్తే మా ఊళ్లో మడచెట్లు ఉన్నాయి! పులస చేప ఉంది! సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా ఉందట. వేసవిలో తాగునీళ్లకు ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునే ఊరు మాది. ఒక పేజీ పై అంచున కోస్తాలోని వేరే ఊరి పేరు తీసేయడం కూడా మరచిపోయారు. ఎవరికీ జరిమానా పడలేదు, అందరూ క్షేమం. మా గుట్ట మీద బతికే జీవులకు మాత్రం ఆ పుస్తకంలో చోటు దొరకలేదు.

అది చూశాక మేమే పని మొదలుపెట్టాం. మేమంటే ఎవరో పెద్ద శాస్త్రవేత్తలు కాదు. జీవశాస్త్రం చెప్పుకునే బడిపంతులును నేను, మా ఊరి జీవవైవిధ్య కమిటీ సభ్యులు, మేకల కాపరులు, మందు మొక్కలు ఎరిగిన యానాది పెద్దావిడ ఒకరు, సెలవు రోజుల్లో నా వెంట పడి గుట్ట ఎక్కిన పిల్లలు. వానాకాలం ఒక రకంగా, ఎండాకాలం ఇంకో రకంగా ఉంటుందని రెండు కాలాలూ తిరిగాం. ఫోనుతో ఫోటోలు తీశాం. పేరు తెలియని మొక్కను కాగితాల మధ్య పెట్టి ఎండబెట్టి, తెలిసిన వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపించి పేరు ఖాయం చేసుకున్నాం. ఆయన తేల్చలేని వాటి పక్కన 'పేరు తేలలేదు' అనే రాశాం. ఆ మాట ఉన్న ప్రభుత్వ పుస్తకం ఇంకొకటి ఉంటే చూడాలని ఉంది.

అందులోని ఒక పేజీ మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. జీవి: అలుగు. చోటు: గుట్ట ఉత్తరపు వాలు, చీమల పుట్టల దగ్గర. చూసిన గుర్తులు: కొత్తగా తవ్విన గుంట, మట్టిలో తోక ఈడ్చిన గీత. ఫోటో ఉంది. చూసినవారు: మేకల కాపరి, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు. కాపరి చెప్పిన మాట: "మా నాయన రోజుల్లో జంతువే కనిపించేది, ఇప్పుడు గుంటలే కనిపిస్తున్నాయి." కింద తేదీ, ఆయన వేలిముద్ర. ఇలాంటి పేజీలే ఆ బీరువాలో ఉన్నాయి మంత్రి గారూ. అలుగు పొలుసుల కోసం తిరిగే వాళ్లున్నారని తెలిసే, ఈ లేఖలో మా ఊరి పేరు గానీ మండలం పేరు గానీ రాయలేదు. రిజిస్టరు అందిందన్న రసీదు చూస్తే మీకు ఊరి పేరు తెలిసిపోతుంది, మీ వారు కావాలంటే వెతుక్కోగలరు.

ఆ పుస్తకాన్ని పాతదానికి సవరణగా స్వీకరించమని ఇచ్చాం. స్వీకరించారు. బీరువాలో పెట్టారు. పైకి పంపే లెక్కల్లో మాత్రం ఇప్పటికీ ఆ మడచెట్ల పుస్తకమే చెలామణి అవుతోంది.

ఇంతలో గుట్ట మీద గ్రానైట్ క్వారీలకు లీజు అడిగారు. పర్యావరణ ప్రభావ నివేదికలో మా గుట్ట జీవులు ఇవీ: కాకి, పిచ్చుక, ఉడుత, తొండ, వీధి కుక్క. చెప్పుకోదగ్గ జాతులేవీ లేవని తీర్మానం. ప్రజాభిప్రాయ సేకరణలో లేచి నిలబడి, అలుగు ఉంది, ఉడుము ఉంది, గుడ్లగూబలు గూడు పెట్టే బండలున్నాయి అని చెప్పాను. ఆ నివేదిక రాసిన కన్సల్టెంటు చాలా మర్యాదస్తుడు. తన ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. ప్రపంచమంతటి జీవజాతుల నమోదులు ఉండే బహిరంగ పటం అది. మా గుట్ట ఉన్న చోట ఒక్క చుక్క లేదు. "చూడండి మాస్టారూ, ఎక్కడా రికార్డు లేదు కదా" అన్నాడు. మా పిల్లలు తీసిన ఫోటోలు ఉన్నాయంటే, "అవి ప్రైవేటు ఆధారాలు, అధికారిక రిజిస్టరు చూపండి" అన్నారు వేదిక మీదివారు. అధికారిక రిజిస్టరు బీరువాలో ఉంది. నకలుకు ఆదేశాలు లేవు. నేను కూర్చున్నాను.

నా గోడు అంతా ఇదే. వివరాలు లేకపోతే "ఇంకా తెలియదు" అని రాయాలి గదా. మన కాగితాల్లో "ఏమీ లేదు" అని రాస్తున్నారు. మేం చూసి, రాసి, మీ చేతుల్లో పెట్టిన తర్వాత కూడా మా గుట్ట ఖాళీగానే ఉంది.

ఆ పటం సంగతి మీకు తెలియకపోదు. గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ, పొట్టిగా జీబిఫ్, 2001లో మొదలైంది, కార్యాలయం కోపెన్‌హేగన్‌లో. 2018 నాటికి అందులో 100 కోట్ల నమోదులు చేరాయి, 2022 నాటికి 200 కోట్లు, ఇప్పుడు 300 కోట్లు దాటాయి. ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు: మూలంలో ఈ నాలుగు ముక్కలే. మా మేకల కాపరి చెప్పినవీ ఈ నాలుగే. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దించుకోవచ్చు. పరిశోధనలో వాడుకుంటే ఆ వివరాలు ఎవరిచ్చారో చెప్పాలి. ఆ వివరాల మీద ఆధారపడిన పరిశోధన పత్రాలే పది వేలు దాటాయి. అయితే ఆ పటంలో ఐరోపా దీపావళి రాత్రిలా వెలిగిపోతుంటే, మా వైపు చాలా మండలాలు అమావాస్యలో ఉన్నాయి. ఉన్న చుక్కల్లోనూ అధిక భాగం పక్షులవే. చీమలకు, గడ్డిజాతులకు, శిలీంధ్రాలకు దిక్కు లేదు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దొర మొక్కలు ఏరింది 18వ శతాబ్దంలో. అప్పట్లో ఓడలెక్కి పోయిన నమూనాల్లో కొన్నింటిని ఇవాళ బ్రిటన్ సంగ్రహాలు ఫోటోలు తీసి లోకానికి చూపిస్తున్నాయి. వాటిని మా ఇంటి అరుగు మీద కూర్చుని చూడగలను. నేను మోసుకెళ్లి ఇచ్చిన పుస్తకం చూడాలంటే మాత్రం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లాలి, గుమాస్తా గారు సీట్లో ఉండాలి.

బహిరంగంగా ఉంచితే ఏం ఒరుగుతుందని మీ వారు అడగవచ్చు. పాలపిట్టనే చూడండి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే శుభమని ఊరు ఊరంతా వెతుక్కునే పిట్ట. అది తగ్గిపోతోందని, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. ఆ నివేదిక దేనితో తయారైంది? సుమారు 30,000 మంది మామూలు మనుషులు, చూసిన పక్షులను రాసిపెట్టే ఈ-బర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలతో. అది తయారు చేసిన వారిలో ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. అంటే, జనం చూసింది ప్రభుత్వానికి పనికొస్తుంది, ప్రభుత్వం దగ్గరున్నది మాత్రం జనానికి అందదు.

2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్ల మీదికి యంత్రాలు వచ్చినప్పుడు అక్కడ ఏ పక్షులున్నాయో చెప్పడానికి జనం చేతిలో జాబితాలున్నాయి. ఆ క్యాంపస్ పక్షులను ఏళ్లుగా ఎవరో ఒకరు నమోదు చేస్తూనే ఉన్నారు గనుక. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నరికివేత ఆపించింది. అంతకు పదిహేనేళ్ల ముందు శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఏమైంది? బీల నీటిభూములను పనికిరాని భూములుగా చూపి థర్మల్ కేంద్రానికి అనుమతి తెచ్చుకున్నారు. 2010 జూలైలో పోలీసు కాల్పులదాకా వెళ్లింది, మనుషులు పోయారు. ఆ నెలలోనే అనుమతి రద్దయింది. బీలలో ఏ చేపలు, ఏ పిట్టలు ఉన్నాయో ముందే అందరికీ కనిపించేలా ఉండి ఉంటే ఆ కాగితం రాసిన చేయి కాస్త వణికేదేమో.

కార్యాలయంలో నాకు నోటిమాటగా చెప్పిన అభ్యంతరాలు రెండు. వేటగాళ్లకు దారి చూపించినట్టవుతుందన్నది ఒకటి. నిజమే, ఆ భయం నాకు మీకంటే ఎక్కువ. కానీ దానికి విరుగుడు ఉంది. ముప్పున్న జీవుల చోటును కచ్చితంగా చూపకుండా కిలోమీటర్ల మేర మసక చేసి ప్రకటించే పద్ధతులను జీబిఫ్ ఎప్పుడో రాసిపెట్టింది. ఈ-బర్డ్ కూడా కొన్ని జాతుల చోట్లను దాచిపెడుతుంది. అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే స్థానికులకు తెలిసిన సంగతి పక్షి శాస్త్రవేత్త చెవిన పడబట్టే. అలుగు పేజీని మసక చేయండి, దాచండి, ఒప్పుకుంటాను. కొండగోగు చెట్టు పేజీని ఎవరి నుంచి దాస్తున్నారు?

రెండోది, సంప్రదాయ జ్ఞానం పరాయివాళ్ల పాలవుతుందన్నది. ఇదీ ఉత్తమాట కాదు. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించుకోవడానికి మన శాస్త్రవేత్తలు ఎంత పాటుపడ్డారో తెలుసు. యానాది పెద్దావిడ చెప్పిన మందుల వివరాలను అందుకే వేరే భాగంలో పెట్టి, ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ చూపరాదని మొదటి పేజీలోనే రాశాం. వాటిని తెరవమని మేం అడగడం లేదు. ఏ మొక్క ఎక్కడ మొలిచింది, ఏ పిట్ట ఎక్కడ వాలింది, అంతే అడుగుతున్నాం. మీ వారు రెండింటినీ కలిపి ఒకే తాళం వేశారు.

ప్రజాధనంతో సేకరించిన సమాచారం ప్రజలకు అందాలని 2012లోనే కేంద్రం విధానం ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు హైదరాబాదులోనే జరిగింది, ఎన్ని తోరణాలు, ఎన్ని ఉపన్యాసాలు! ఇప్పుడు నగరంలో బయోడైవర్సిటీ అంటే జనానికి గుర్తొచ్చేది ఫ్లైఓవరు, ట్రాఫిక్ జామ్. 2022లో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందంలో 21వ లక్ష్యం, నిర్ణయాలు తీసుకునే వారికీ ప్రజలకూ మేలైన సమాచారం అందుబాటులో ఉండాలన్నదే. మన దేశమూ అందులో ఉంది. మాంట్రియల్ దాకా వెళ్లిన మాట మా జిల్లా కేంద్రం మేడ మెట్లు ఎక్కలేకపోయింది.

కోరేది పెద్దదేమీ కాదు. రిజిస్టర్లలో దాచాల్సింది దాచి, మిగతాది నలుగురికీ కనిపించేలా పెట్టించండి. ప్రభావ నివేదికల కోసం కన్సల్టెంట్లు సేకరించిన జీవుల వివరాలు కూడా స్కాన్ చేసిన కాగితాల్లో పూడ్చిపెట్టకుండా వెతుక్కునే రూపంలో తెరిపించండి. అప్పుడు ఒక జిల్లా జాబితా ఇంకో జిల్లాకు ఎక్కితే పదో తరగతి పిల్లవాడైనా పట్టుకుంటాడు. బహుశా కొందరి బెంగ అదేనేమో, నాకు తెలియదు. ఇవన్నీ కుదరకపోతే మా మడచెట్లనైనా కొట్టేయించండి. అదీ కుదరదంటే, ఎందుకు కుదరదో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించి పంపండి. ఏదీ వద్దనుకుంటే మా పుస్తకం మాకు తిరిగి ఇప్పించండి, మేమే అచ్చు వేయించుకుంటాం.

క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణ మళ్లీ పెడతారంటున్నారు. ఈసారి నేను ఒట్టి చేతులతో లేచి నిలబడలేను. దయచేసి ఆలోగా ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. బీరువా తాళం చెవి గుమాస్తా గారి సొరుగులో ఉంటుంది. ఆయన సెలవులో ఉంటే పక్క సీటు ఆవిడ దగ్గర ఇంకొకటి ఉంది.

ఇట్లు
భవదీయుడు,
ఒక గ్రామ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యుడు