ఈసీజీ బాగుందంటే జబ్బు లేదని కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ఊళ్లో పాతికేళ్ల కుర్రవాడు గుండెపోటుతో కుప్పకూలాడని పత్రికల్లో వచ్చిన మర్నాడు మా ఈసీజీ గది ముందు బెంచీ నిండిపోయేది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ వార్తలు వెయ్యొద్దని అనను. గుండె బాగానే ఉన్నా ఉన్నట్టుండి దడ, ప్రాణభయం పదేపదే వచ్చే జబ్బు ఒకటుంది, పానిక్ డిజార్డర్ అని. దాని గురించి కూడా కాస్త రాయండని అడగడానికే ఈ ఉత్తరం.

విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒక అబ్బాయి రాత్రిపూట ఆటోలో వచ్చేవాడు. చొక్కా చెమటకు తడిసిపోయి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరాడక, "మేడమ్, నేను పోతున్నా" అనేవాడు. కాగితం మీద చూస్తే గుండె నిమిషానికి 120 కొట్టుకుంటూ ఉండేది. అంతకు మించి గీతలో తేడా కనబడేది కాదు. డ్యూటీ డాక్టరు "ఏం లేదు, టెన్షన్" అని ఇంజెక్షన్ వేయించి పంపేవారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఆటో. ఎకో అయింది, ట్రెడ్‌మిల్ అయింది, చెన్నై కూడా అయింది (మన జిల్లా వాళ్లకు చెన్నై వెళ్తేగానీ తృప్తి ఉండదు కదా). వాళ్లమ్మ కసుమూరు దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఆవిణ్ణి నేనేమీ అనలేను. ఆసుపత్రిలో ఒక్కరూ జబ్బు పేరు చెప్పకపోతే తల్లి ఏం చేస్తుంది?

చివరికి ఆ అబ్బాయి బండి నడపడం మానేశాడు. ఒంటరిగా గట్టు మీదకు వెళ్లడమూ మానేశాడు. రాత్రి కాపలా పని పోయింది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. దడ పదినిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటకు దిగిపోతుంది. మళ్లీ వస్తుందేమోనన్న భయం మాత్రం దిగదు. కారణం లేకుండా ఇలాంటి దాడులు పదేపదే వస్తూ, ఆ భయంగానీ, దానివల్ల పనులు తప్పించుకోవడంగానీ నెలకు పైగా ఉంటే డాక్టర్లు దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. దొంగ లేకుండానే కుక్క మొరిగినట్టు, ప్రమాదమేమీ లేకపోయినా ఒళ్లు ప్రమాదం వచ్చినట్టే ప్రవర్తిస్తుంది. కంగారులో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతారు. దీన్ని నాటకం అనే అత్తగార్లను ఆ గది బయట చాలామందినే చూశాను.

అలాగని ఛాతీనొప్పి రాగానే ఇది పానిక్ అని ఇంట్లో కూర్చోమని కాదు. ముందు గుండె చూపించుకోవాల్సిందే. థైరాయిడ్, రక్తహీనత కూడా పరీక్ష చేయించాలి, ఎందుకంటే వాటివల్లా దడ వస్తుంది. అవన్నీ బాగున్నాయని తేలాక అక్కడితో ఆగిపోకూడదని నా గోల.

మందులున్నాయి. సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ లాంటివి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చు కూడా. ఈ సంగతి ముందే చెప్పకపోవడంవల్ల నాలుగో రోజుకే మందు పారేసినవాళ్లున్నారు. సీబీటీ అనే మాటల వైద్యం కూడా బాగా పనిచేస్తుంది. అందులో కావాలనే మెట్లెక్కించి, వేగంగా ఊపిరి తీయించి, గుండె దడదడలాడినంత మాత్రాన ప్రాణం పోదని ఒంటికే అలవాటు చేస్తారు. మానేసిన బస్సు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఇక కంగారు తగ్గించే అల్ప్రాజోలామ్ బిళ్ల. వెంటనే హాయిగా ఉంటుంది కాబట్టే అలవాటైపోతుంది. అది హెచ్1 షెడ్యూలు మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటైనవాళ్లు కూడా డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు.

ఆసుపత్రులవాళ్లకు నా మనవి ఒకటే. పరీక్షలన్నీ బాగున్నా ఇలా మళ్లీమళ్లీ వచ్చేవాళ్ల డిశ్చార్జి కాగితం మీద "పానిక్ కావచ్చు, సైకియాట్రీ ఓపీలో చూపించుకోండి" అని తెలుగులో ఒక ముక్క రాసివ్వండి. దర్గామిట్ట పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. అంతదూరం రాలేనివాళ్లకు, మానసిక సమస్యలకు ఫోన్లోనే సలహా ఇచ్చే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈసారి మీరు గుండెపోటు వార్త వేసేటప్పుడు ఆ నంబరు కూడా కింద అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఈసీజీ టెక్నీషియన్,
మూలాపేట, నెల్లూరు