ఆషాఢంలో ఖాళీగా ఉండే మండపాల్లో కచేరీలు పెట్టించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో చిలకలూరిపేట దగ్గర ఒక ఊరు. మంచి కచేరీ ఎదురుగా కూర్చుని వినాలంటే మేము గుంటూరో, విజయవాడో వెళ్లాలి. అక్కడ కూడా తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం లాంటి తాళవాద్యాలు విడిగా వాయించే ఘట్టం, మొదలయ్యే వేళకి ఆఖరి బస్సు టెన్షన్ పట్టుకుంటుంది. పిల్లల్ని, ముసలివాళ్లని వెంటబెట్టుకుని వెళ్లడం ఇక అయ్యే పని కాదు. మార్కాపురం వాళ్లనో, కదిరి వాళ్లనో, పాలకొండ వాళ్లనో అడిగి చూడండి, వాళ్ల బాధా ఇలాగే ఉంటుంది.

మా ప్రాంతానికి సంగీతం కొత్త కాదండీ. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ గారి దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 1998 సంగీత కళానిధి బిరుదు ఇచ్చేనాటికి ఆయన శ్రీరంగంలో స్థిరపడి ఎన్నో ఏళ్లయింది. ఆయన శిష్యులు, మన తెలుగువాళ్లే అయిన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ జాబితాలో వాళ్ల పేర్ల ఎదురుగా తమిళనాడు అని ఉంది. వెళ్లినవాళ్లను నేను తప్పు పట్టను. పిలిచేవాళ్లు, వినేవాళ్లు ఎక్కడుంటే కళాకారులు అక్కడికే వెళతారు. ఇక్కడ పిలుపులు ఎందుకు తగ్గిపోయాయన్నదే నా బాధ.

ఒకప్పుడు మా వైపు శ్రీరామనవమి పందిళ్లంటే హరికథ, బుర్రకథ, పాటకచేరీ. చందా ఇచ్చినవాడూ ఇవ్వనివాడూ ఒకే చాప మీద కూర్చుని వినేవారు. ఇప్పుడు చాలా పందిళ్లలో పెద్ద స్పీకర్లు పెట్టి పెన్‌డ్రైవ్ పాటలు వేస్తున్నారు. గుడి పరిస్థితి ఇంకా బాధాకరం. మనిషి ఉండి వాయించే సంగీతం పల్లెటూరి జనానికి రోజూ, ఉచితంగా, వేళ తప్పకుండా అందింది గుళ్లోనే. తెల్లవారుజామున భూపాళం, పవళింపు సేవకు నీలాంబరి. రాగం పేరు తెలియనివాళ్లు కూడా సన్నాయి విని పొద్దు తెలుసుకునేవారు. ఇప్పుడు చాలా గుళ్లలో హారతి వేళకు పూజారి గారు ఒక స్విచ్ వేస్తారు. మోటారు తిరిగి, పుల్లలు డోలు మీద, సుత్తి గంట మీద ఒకటే దరువు దబదబా కొడతాయి. హారతి అవగానే స్విచ్ తీసేస్తారు. ఆ చప్పుడే సంగీతం అనుకుని మా పిల్లలు పెరుగుతున్నారు.

'ఫోన్‌లో అన్నీ ఉన్నాయి కదా' అని మీ అధికారులు అనవచ్చు. ఫోన్‌లో వినడం వేరు, ఎదురుగా కూర్చోవడం వేరు. విద్వాంసుడు నాదస్వరం పీకను నోట్లో తడుపుకుని, ఒకసారి ఊది చూసి, నచ్చక ఇంకోటి మార్చుకోవడం పిల్లలు చూడాలి. డోలు ఆయన వేళ్లకు తొడుగులు వేసుకోవడం చూడాలి. గట్టిమేళం మోగితే గుండెల్లో దడదడలాడాలి. నేనూ వాయిస్తానని ఏ పిల్లవాడైనా మారాం చేసేది అలాంటప్పుడే.

అందుకే ఒక ఆలోచన చెబుతున్నాను. మన పట్టణాల్లో టీటీడీ కల్యాణ మండపాలు, మునిసిపాలిటీల మండపాలు ఉన్నాయి. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ ముహూర్తాలుండవు కాబట్టి అవి ఖాళీగా ఉంటాయి. పెళ్లిళ్లను నమ్ముకున్న మేళగాళ్లకు సంపాదన ఉండనిదీ ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో వారానికొక సాయంత్రం, టికెట్ లేకుండా, ప్రతి నియోజకవర్గ కేంద్రంలో ఒక కచేరీ పెట్టించండి. ఒక వారం నాదస్వరం, ఒక వారం వయొలిన్, ఇంకో వారం హరికథ. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల నుంచి, మిగతా ప్రభుత్వ సంగీత కళాశాలల నుంచి బయటికొచ్చిన యువ కళాకారులకు ముందు అవకాశం ఇవ్వండి. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రంలో మన రాష్ట్రం కూడా సభ్యురాలే. ఆ కేంద్రం పంపే బృందాలు నగరాల దగ్గరే ఆగిపోకుండా మా దాకా రావాలని అడగండి.

డబ్బు విషయంలో ఒక మాట. శాలువా కప్పి పంపేస్తే కుదరదు. ఒక బృందం పది చోట్ల వాయిస్తే పది సార్లూ దారి ఖర్చు, పారితోషికం వారం లోపల వాళ్ల ఖాతాలో పడాలి. బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే రెండో ఏడు ఎవరూ రారు.

దేవాదాయ శాఖ మీ చేతిలో లేదని తెలుసు. అయినా ఆ శాఖ మంత్రి గారితో మాట్లాడి, గుళ్లలో ఖాళీగా ఉన్న నాదస్వరం, డోలు పోస్టులు భర్తీ చేయించండి. కనీసం ఆదాయమున్న గుళ్లలోనైనా ఆ యంత్రాలు తీయించి మనుషులను పెట్టించండి.

వచ్చే ఆషాఢానికి రెండు మూడు జిల్లాల్లోనైనా ఇది మొదలుపెట్టండి. మా ఊళ్లో చాపలు పరిచే పని, మైకు, వచ్చినవాళ్లకు భోజనం మేం చూసుకుంటాం.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక శ్రోత