ఒరే, ఉంగరం సంగతి తేలింది

ఒరే బండోడా,

ఎలా ఉన్నావ్ రా? నీ మెసేజ్‌లన్నీ చూశా, ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదని ఆగా, అలా ఆగుతూ ఆగుతూ ఇంత లేటయింది, సారీ రా. ఇవాళ బి షిఫ్టు. బస్సు వచ్చేలోపు ఎంతయితే అంత రాసి పంపేస్తా.

ఇంట్లో అందరూ బావున్నారు. నాన్న మోకాలు నొప్పి తగ్గింది. అక్కావాళ్లు మధురవాడ ఫ్లాట్‌లోకి మారారు. మీ అమ్మగారు పూర్ణా మార్కెట్‌లో కనబడ్డారు, నువ్వు ఫోన్ చేయట్లేదన్నారు, చెయ్. మన కొబ్బరికాయ సారు రిటైరయ్యారు, ఫంక్షన్‌లో మైకు పట్టుకుని మళ్లీ అదే మాట అన్నారు, నువ్వుంటే నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తేవాడివి. ఇవన్నీ నువ్వొచ్చాక చెప్తా.

అసలు సంగతి నిశ్చితార్థంలో తనకి, అదే నా పెళ్లికూతురికి, పెట్టే ఉంగరం. నువ్వు సూరత్‌లో తెలిసినవాళ్ల దగ్గర ల్యాబ్ డైమండ్ ఇప్పిస్తా అన్నావ్ కదా, అది వద్దు రా. ఆగు, ఫోన్ తీయకు, మొత్తం చదువు.

నువ్వు చెప్పిందంతా అమ్మకి అప్పజెప్పా. సన్నటి వజ్రం పలక ఒకటి పెట్టి, మీథేన్ గ్యాసు పంపి, మైక్రోవేవ్ వేడిలో పొర మీద పొర పెంచుతారు, భూమిలో దొరికేదీ కార్బనే ఇదీ కార్బనే, గట్టితనం కూడా అదే, పదికి పది, 2023లో మోడీ గారు అమెరికా వెళ్లి బైడెన్ గారి భార్యకి ఇచ్చింది కూడా 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రమే అని. అన్నీ విని అమ్మ అడిగింది ఒకటే, "తయారు చేసిందా, దొరికిందా?" తయారు చేసిందే అన్నా. ఇంక కదల్లేదు. మా అమ్మమ్మ రవ్వల ముక్కుపుడక ఉంది చూడు, అది చేతిలో పెట్టుకుని "దీన్ని ఎవరు తయారు చేశార్రా" అంటది. పోనీ తన నాన్న, మావయ్యగారితో చెప్పిద్దామంటే ఆయన ఇంకో దారిలో వెళ్లారు. కోహినూర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరుది, బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రం అంటే మన దేశమే, ఇప్పటికీ తొలకరి వానలు పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వెతుక్కుంటారు, అలాంటిది మనం మిషన్‌లో వండింది కొనడమేంటి అని. నాకు ఆయన మాట నచ్చింది కూడా, నిజం చెప్తున్నా. కానీ గనిలో దొరికినదానికి, కాస్త కంటికి ఆనే సైజుకి, రేటు లక్షల్లో ఉంది. అప్పు చేసి ఉంగరం పెట్టడం నాకు ఇష్టం లేదు. తనకి అసలే ఇష్టం లేదు.

ఇలా నానుతుండగా మా చిన్నాన్న ఒకాయన్ని తీసుకొచ్చాడు. రంగురాళ్లు అమ్మే నర్సీపట్నం పార్టీ. ఆరోజు తనూ వాళ్లమ్మగారూ జాకెట్టు కొలతలకని మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన జేబులోంచి తెల్లకాగితం పొట్లం తీసి, మడతలు విప్పి, ఒక చిన్న రాయి నా అరచేతిలో పెట్టాడు. కందిగింజ కంటే కొంచెం పెద్దది. కిటికీ దగ్గర చూస్తే బావుంది, నాచు రంగులో ఆకుపచ్చగా ఉంది, ఇందులో ఏముంది అనుకున్నా. "దేవుడి గదిలోకి తీసుకెళ్లండి బాబూ" అన్నాడు. తీసుకెళ్లి దీపం పక్కన పెడితే... ఒరే, ఎర్రగా అయిపోయింది రా. అచ్చం దానిమ్మ గింజలా. మళ్లీ కిటికీ దగ్గరికి తెస్తే పచ్చగా, దీపం దగ్గరికి తీసుకెళ్తే ఎర్రగా. ట్యూబులైటు కింద ఏమీ తెలీదు, దీపమో పాత ఫిలమెంటు బల్బో ఉండాలట. అలెగ్జాండ్రైట్ అంటారు, రాయిలో కొంచెం క్రోమియం ఉండడం వల్ల అలా అవుద్ది. మన కొండల్లోనే దొరుకుతుంది, వైడూర్యం జాతిదే. అమ్మ కళ్లు చూడాల్సింది. "దేవుడి దగ్గర రంగు మారింది, ఇదే పెట్టీండి" అంది. చిన్నాన్న అప్పుడే బేరం మొదలెట్టీశాడు. నేను కూడా పడిపోయాన్రా, పూర్తిగా. ఆ రాయి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

తను అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. "బిల్లు ఇస్తారా అండీ?" అని అడిగింది, మామూలుగా.

ఆయన నవ్వాడు. "రంగురాయికి బిల్లేంటమ్మా" అన్నాడు. "మరి ఎక్కడిది?" అంది. గొలుగొండ వైపుది అన్నాడు. అంతే, తన మొహం మారిపోయింది. నీకు తెలుసు కదా వాళ్ల నాన్నగారు చాలాకాలం ఏజెన్సీలో టీచరుగా చేశారు. ఆ కొండల్లో దొంగతవ్వకాలు, రాత్రుళ్లు సొరంగాల్లోకి దిగడాలు, పైనుంచి మట్టి కూలితే లోపలే ఉండిపోవడాలు, మనం పేపర్లో చదివి పేజీ తిప్పేశాం. మావయ్యగారి క్లాసులో ఒక పిల్లాడి నాన్న అలాగే పోయాడట. మర్నాడు కూడా ఆ పిల్లాడు బడికొచ్చి కూర్చున్నాడట, ఇంట్లో ఎవరూ లేరని. తను అందరి ముందూ ఇదంతా చెప్పలేదు, "వద్దండీ, తీసుకెళ్లిపోండి" అని పొట్లం మడిచి ఆయన చేతిలో పెట్టింది. నాకు తర్వాత చెప్పింది, మేడ మీద బట్టలు తీస్తూ. నాకు ఏం అనాలో తెలీలేదు రా. చిన్నాన్న ఇంకా ముభావంగానే ఉన్నాడు, ఉండనీ. ఆ రోజు తన మీద నాకు కలిగిన గౌరవం... సరే, అది నీకు ఎదురుగా కూర్చుని చెప్తా.

తర్వాత ఇద్దరమే కురుపాం మార్కెట్ వెళ్లాం. ఆ సందులో ఒక పాత షాపు, ముసలాయన, తొందర లేని మనిషి. ఆయన మూడు రాళ్లు వరసగా పెట్టాడు. గని వజ్రం, ల్యాబ్ వజ్రం, ఇంకోటి మోయిసనైట్. పెన్నులాంటి టెస్టర్ ఆనిస్తే మూడిటికీ కూసింది. "చూశారా, ఇది వేడిని బట్టి చెప్తుంది, మోయిసనైట్‌ని పట్టుకోలేదు, దీనికి కరెంటు చూసే మీటరు కావాలి" అని ఆయనే చెప్పాడు, మోసం చేసేవాడైతే చెప్తాడా. మోయిసనైట్ అంటే ఏంటో తెలుసా నీకు? సిలికాన్ కార్బైడ్! మన ప్లాంట్‌లో, మీ హజీరాలో కూడా, గ్రైండింగ్ వీల్‌లో ఉండే కార్బొరండం లేదూ, అదే. నేను విన్న వెంటనే ఛీ అనేశా, రోజూ డ్యూటీలో నిప్పురవ్వలు లేపే సరుకు తెచ్చి ఈ పిల్ల వేలికి పెడతానా అని. దానికి తను నవ్వి "రోజూ చూసే సరుకేగా, నమ్మకం కదా" అంది.

1893లో మోయిసన్ అనే ఫ్రెంచ్ ఆయన అరిజోనాలో ఉల్క పడిన గోతిలో దొరికిన ముక్కల్లో చూశాడట దీన్ని, మొదట వజ్రమే అనుకున్నాడట, తేల్చుకునేసరికి 1904. భూమ్మీద ఎక్కడా సరిగ్గా దొరకదు, అందుకే అమ్మేవన్నీ ల్యాబ్‌లో చేసినవే. గట్టితనం 9.25, అంటే కెంపు, నీలం కంటే ఎక్కువ, నగల్లో పెట్టే రాళ్లలో వజ్రం ఒక్కటే దీని పైన. మెరుపు అయితే వజ్రాన్ని దాటేస్తుంది, ఎండలో తిప్పితే రంగులు చిందుతాయి, కొంతమందికి ఆ చిందడమే నచ్చదు. ఆయన పదిరెట్ల భూతద్దం తన చేతికిచ్చి, నిటారుగా కాదమ్మా, కొంచెం పక్కకి వంచి చూడు అన్నాడు. తను ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. చూసి నాకు ఇచ్చింది. రాయి అడుగున పలకల అంచులు ఉంటాయి కదా, ఒక్కో గీత జంటగా కనబడుతోంది, పక్కపక్కనే రెండేసి గీతలు. వెలుగు లోపలికెళ్లి రెండుగా చీలుతుందట. వజ్రంలో అంచులు ఒంటిగానే ఉన్నాయి.

"నాకిదే కావాలి" అంది తను. ల్యాబ్ వజ్రం తీసుకుందాం, మావాడు సూరత్‌లో ఉన్నాడు అన్నా. అప్పుడు అన్న మాట విను. "వజ్రం అని పెట్టుకుంటే జీవితాంతం అసలుదా ల్యాబ్‌దా అని అడుగుతూనే ఉంటారు. నేను సంజాయిషీ చెప్పుకుంటూ ఉండాలి. ఇదైతే ఇది మోయిసనైట్ అండీ అంటా, అయిపోయింది." ఇంక నేనేం మాట్లాడతాను. నీ ల్యాబ్ వజ్రంలో లోపం ఏమీ లేదు రా, రేట్లు ఏటేటా పడిపోతున్నాయన్నది తప్ప, అదైనా మేం అమ్ముకోడానికి కొంటున్నామా. తనకి పడలేదు, అంతే.

అమ్మ దగ్గర పెద్ద గొడవ. రెండ్రోజులు మాటల్లేవు. చివరికి అమ్మ దిగొచ్చి "సరే పెట్టండి, కానీ చుట్టాలు అడిగితే వజ్రమనే చెప్దాం, ఎవరికి తెలుస్తుంది" అంది. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. నిశ్చితార్థం రోజే అబద్ధంతో మొదలెడతామా? ఆ మాట వాళ్ల అమ్మానాన్నలకి తెలిస్తే ఎలా ఉంటుంది? గట్టిగానే అన్నా. తను మాత్రం అమ్మ పక్కన కూర్చుని, "అత్తయ్యా, అడిగిన వాళ్లకి నేనే చెప్తా, మీరు ఏం చెప్పక్కర్లేదు" అంది మెల్లగా. అమ్మ ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. నిన్న మాత్రం అమ్మమ్మ ముక్కుపుడక తీసి గుడ్డతో తుడుస్తూ, ఇది పెళ్లిలో దానికి పెడతా అంది. తనకి ఇంకా చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

ఉంగరం 18 క్యారెట్ల బంగారంలో చేయిస్తున్నాం, అయిదు మిల్లీమీటర్ల రాయి, అంటే అరక్యారెట్ వజ్రం సైజు. కొక్కేలు లేకుండా చుట్టూ బంగారం అంచు కట్టించమంది, తను హాస్పిటల్ ల్యాబ్‌లో రోజంతా గ్లౌజులు వేసుకుని తీయాలి కదా, కొక్కేలైతే చిరిగిపోతాయట. బిల్లు మీద మోయిసనైట్ అనే రాసిచ్చాడు, హాల్‌మార్క్ నంబరు కూడా వేస్తాడు. నా ఉంగరం మామూలు బంగారమే, రాయి లేదు.

నువ్వు లీవ్ పెట్టావా లేదా అది చెప్పు ముందు. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్కితే పొద్దున్నే దిగుతావ్, స్టేషన్‌కి నేనే వస్తా. మీ సూరత్ స్వీటు, ఘారీ డబ్బా మర్చిపోకు, అమ్మకి ఇష్టం. బీచ్‌లో మురీ మిక్చర్ దగ్గర మనం ఆ రోజు వేసుకున్న పందెం గుర్తుందిగా, నువ్వు ఓడిపోయావ్, నాకే ముందు... ఒరే బస్సు హారన్ కొడుతున్నాడు, నీకు షర్టు సైజు ఎంతో రాత్రికి మెసేజ్ పెట్టు, తోడిపెళ్లికొడుకు బట్టలు నీకే