కిలోమీటర్లు కాదు, గంటలు రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగాలు చేసే దంపతులు వారాంతంలో వెళ్ళిరాదగ్గ చోట్ల గురించి మీ పత్రికలో తరచూ వస్తోంది. ప్రతి ఊరి పక్కనా ఇన్ని కిలోమీటర్లని ఉంటుంది. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఆ అంకె దేనికీ అక్కరకు రాదు. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అక్కడ గది తాళం చేతికొచ్చే దాకా ఎంత పడుతుందన్నదే కావాలి.

గంట విమానమే కదా అంటారు. విమానాశ్రయానికి చేరడానికి గంట, లోపల తనిఖీలకూ ఎదురుచూపులకూ రెండు, గాల్లో ఒకటి, దిగి గదికి చేరేసరికి మరో గంటన్నర. ఐదున్నర అయింది, తిరుగుదారిలోనూ అంతే. శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం రాత్రి 9 దాకా ఉన్నవే 51 గంటలు. రెండు రాత్రుల నిద్రకు 16 తీసేస్తే 35. అందులో ఐదో వంతు, అంటే రానుపోను ఏడు గంటలు దాటితే అది సెలవు పెట్టి వెళ్ళాల్సిన చోటే.

కారులో వెళ్ళేవాళ్ళకు ఈ హద్దును నిద్రే గీస్తుంది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో తేలింది. ఉదయం 6కి లేచినవాళ్ళకు ఆ 17 గంటలు రాత్రి 11కి నిండుతాయి. ఏడున్నరకు బయల్దేరితే చేతిలో ఉన్నది మూడున్నర గంటల రోడ్డు. కళ్ళు మూతలు పడుతుంటే అద్దం దించినా, పాటల మోత పెంచినా లాభం లేదు. బండి పక్కకు ఆపి, కాఫీ తాగి, వెంటనే 15–20 నిమిషాలు కునుకు తీయాలి. కెఫీన్ ఒంటికి పట్టడానికి అరగంట దాకా పడుతుంది కనుక లేచేసరికి రెండూ కలిసొస్తాయి. టైర్లలో గాలి మాత్రం గురువారమే, బండి కదలకముందు చూసుకోవాలి. కాసేపు నడిపాక చూస్తే వేడికి అంకె పెరిగి, తక్కువున్న గాలి కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది.

గది దగ్గర జరిగే పొరపాట్లు ఇంకో రకం. చాలా హోటళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నం 2కో 3కో, ఖాళీ చేయమనేది మర్నాడు 11కో 12కో. శనివారం ఒక్క రాత్రికే తీసుకుంటే దక్కేది 20–22 గంటలు. అందుకే శుక్రవారం రాత్రికే చేరుకోవడం మేలు. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు రైలు దిగేవాళ్ళు, తేదీ మారింది కదా అని శనివారానికి బుక్ చేస్తారు. ఆ గది మధ్యాహ్నం దాకా వాళ్ళది కాదు. సామానుతో లాబీలో కూర్చోవాల్సిందే. బుకింగ్ శుక్రవారం తేదీతోనే ఉండాలి. అలా చేసుకుని ఆలస్యమైనా ముందే చెప్పకపోతే, మనిషి రాలేదని మిగతా రాత్రిని కూడా రద్దు చేసే హోటళ్ళున్నాయి. ఆలస్యమని తేలగానే ఫోన్ చేసి, ఎత్తినవాళ్ళ పేరు రాసుకోవాలి.

ఇక సంచి. బ్రష్షులు, పేస్టు, దువ్వెన, రెండు ఛార్జర్లు, రోజూ వేసుకునే మాత్రలు మూడు రోజులకు సరిపడా... ఇవన్నీ ఇంట్లో వాడేవి కాకుండా రెండో జతగా ఎప్పుడూ సంచిలోనే ఉండిపోవాలి. ఇంట్లో వాడే ఛార్జరే పట్టుకెళ్దామనుకుంటే శుక్రవారం హడావిడిలో అది గోడకే వేలాడుతూ ఉండిపోతుంది. అయిపోయినవి తిరిగొచ్చిన రాత్రే నింపి పెట్టాలి. వెళ్ళేముందు చూద్దాంలే అనుకుంటే ఖాళీ పేస్టు ట్యూబు హోటల్లోనే గుర్తొస్తుంది.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పలచగానే పడుతుంది. మెదడులో ఒక సగం రెండోదాని కన్నా మెలకువగా ఉంటుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. కాబట్టి సూర్యోదయం చూడాలనుకుంటే ఆదివారం పెట్టుకోండి, శనివారం వద్దు.

చెప్పడానికి చిన్నదే గానీ తగువంతా పనుల పంపకంలోనే వస్తుంది. గది వెతకడం, టికెట్లు, సర్దుడు అన్నీ ఒకరి నెత్తినే పడితే (ఎవరి నెత్తినో వేరే చెప్పాలా?) ఆ మనిషికి అది ఇంకో ఉద్యోగం. పోనీ సగం సగం అంటే, టికెట్లు రెండోవాళ్ళు తీసి ఉంటారని ఇద్దరూ అనుకుంటారు. ఒక ప్రయాణం పూర్తిగా ఒకరిది, తర్వాతిది రెండోవారిది. తన వంతు కానివారికి వంకపెట్టే హక్కు లేదు. ఆఫీసు మెయిళ్ళకు శనివారం పొద్దున అరగంట, ఇద్దరూ ఒకే సమయంలో కేటాయించుకోవాలి. అసలు చూడనని ఒట్టేసుకున్నవాళ్ళే బాత్రూంలో దొంగచాటుగా చూస్తుంటారు.

తిరుగు ప్రయాణానికి చివరి బస్సు కాకుండా దాని ముందుది పట్టుకోవాలి. ముందుది తప్పినా చివరిది ఉంటుంది. చివరిదే తప్పితే సోమవారం సెలవే. సాయంత్రం 5కి ఇంట్లో ఉంటే బట్టలు ఉతికి ఆరేసి, మామూలు వేళకే పడుకోవచ్చు.

ఈసారి మీరు ఇచ్చే జాబితాలో ప్రతి చోటికీ రెండు అంకెలు వేయండి: శుక్రవారం రాత్రి ఏడున్నరకు బయల్దేరితే పట్టే సమయం, ఆదివారం మధ్యాహ్నం తిరుగుదారిలో పట్టే సమయం. రెండూ ఒకటి కావు.

ఇట్లు,
ఒక ఉద్యోగ జంట