ఛాసిస్ పని బిల్లులో ‘సెటప్’ అని విడిగా ఎందుకు వేస్తున్నాం

మా షెడ్డు కస్టమర్లకు నమస్కారం. యాక్సిడెంట్ బండ్ల ఛాసిస్ పనికి ఈ నెల నుంచి బిల్లులో రెండు లైన్లు కనిపిస్తాయి. ‘సెటప్, కొలతలు’ ఒకటి, ‘పుల్లింగ్’ ఇంకొకటి. ఇన్నాళ్లూ రెండూ కలిపి ఒకే అంకె వేసేవాళ్లం. దాంతో “గంటసేపు లాగినదానికి ఇంతా?” అనే మాట మామూలైపోయింది. అడగడంలో తప్పేం లేదు. లాగడానికి నిజంగానే గంట చాలు, ఒక్కోసారి అరగంటే. మిగతా పూటంతా బండిని నేలకి కట్టడానికి, కట్టింది సరిగ్గా ఉందో లేదో కొలవడానికి పోతుంది. చాలా బిల్లుల్లో సెటప్ అంకె పుల్లింగ్ అంకె కంటే పెద్దదిగానే ఉంటుంది. ఎందుకో రాస్తున్నాం.

స్విఫ్ట్, బాలెనో, ఐ20, క్రెటా లాంటి బండ్లకి కింద విడి ఫ్రేము ఉండదు. రేకులన్నీ స్పాట్ వెల్డింగుతో కలిసిన బాడీయే బరువంతా మోస్తుంది. ముందు లాంగ్ మెంబర్ (ఇంజిను పక్కన ముందుకి సాగే ఉక్కు దూలం) వంగిందని అక్కడ గొలుసు తగిలించి లాగితే ఆ బలం అక్కడితో ఆగదు, బాడీ అంతా పాకుతుంది. పట్టు వదులుగా ఉంటే వంగిన రేకు కదలదు, బండే ముందుకి జరుగుతుంది. పట్టు ఉండకూడని చోట ఉంటే బాగున్న భాగం వంగుతుంది. రెండోది ఘోరం. డోరు గ్యాపుల్లో తేడా వచ్చేదాకా, ఒకవైపు టైరు అరిగిపోయేదాకా ఎవరికీ తెలియదు.

పట్టుకునే చోటు నాలుగు డోర్ల కింద ఉండే సిల్లు అంచు. రెండు మూడు రేకులు కలిసి కిందికి వేలాడే సన్నటి అతుకు అది. ఒక్కో వైపు ముందొకటి, వెనకొకటి, మొత్తం నాలుగు క్లాంపులు (బోల్టుతో బిగించే పట్టుకారులు). దవడల్లో పళ్లుంటాయి, అవి ఇనుములో దిగాలి. కానీ ఆ అంచు మీద కంపెనీ వేసిన అండర్‌కోటు మెత్తగా రబ్బరులా ఉంటుంది. దాన్ని గీకకుండా క్లాంపు బిగిస్తే పళ్లు కోటింగులోనే ఆగిపోతాయి. బోల్టు ఎంత బిగించినా రెండు టన్నుల దగ్గర క్లాంపు జారడం మొదలుపెడుతుంది, జారుతూ అంచుని చింపుకుంటూ పోతుంది. అందుకే క్లాంపు పడేంత మేర ముందు గీకి, తుడిచి, తర్వాతే బిగిస్తాం. బిగించాక క్లాంపు మీద నుంచి సిల్లు మీదికి తెల్ల పెయింటు మార్కరుతో ఒకే గీత గీస్తాం. ఒక పుల్ అయ్యాక ఆ గీత రెండు ముక్కలై పక్కకి తప్పి కనిపిస్తే పట్టు జారినట్టే. ఇక లాగుడు ఆపి మళ్లీ మొదటి నుంచి బిగించాలి. మీ బండి బేలో (ఛాసిస్ పని చేసే చోట) ఉన్నప్పుడు వస్తే ఆ గీతలు చూపించమని అడగండి.

ఇక గొలుసులు కట్టే నేల సంగతి. “ఉన్న ఫ్లోరుకే డ్రిల్లు పెట్టి బోల్టులు దింపితే పోయేదిగా?” అని కొందరన్నారు. గచ్చు నొక్కుడుకి గట్టిది, పీకుడుకి కాదు. మంచి కాంక్రీటులో 100 ఎం.ఎం. లోతు దిగిన ఒక్క బోల్టుని నిలువుగా లాగితే చుట్టూ కాంక్రీటు గరాటు ఆకారంలో ఊడొస్తుంది. అది ఊడే బలం సుమారు మూడున్నర నుంచి ఐదు టన్నులు, పగుళ్లున్న గచ్చులో కింది అంకె. అది కూడా బోల్టు అంచుకి కనీసం 150 ఎం.ఎం. ఎడంగా, పక్క బోల్టుకి 300 ఎం.ఎం. ఎడంగా ఉంటేనే. సిమెంటు నాలుగంగుళాలు కూడా లేని మామూలు షెడ్డు గచ్చులో ఈ లెక్కకే చోటు లేదు.

కాబట్టి కొత్త బేలో నేల తవ్వి వేశాం. ఆరంగుళాల మందం, ఎం25 కాంక్రీటు, లోపల 12 ఎం.ఎం. కడ్డీల జాలీ. గొలుసు తగిలించే యాంకర్ పాట్లని (నేలలో పాతిన ఇనుప గిన్నెల్ని) ఆ జాలీకి వెల్డింగ్ చేశాకే కాంక్రీటు పోశాం. జాలీ ఎందుకంటే, ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పున్న ఆరంగుళాల కాంక్రీటు పలక బరువు 375 కిలోలే. మూడు టన్నుల లాగుడుకి అది ఒంటరిగా ఆగదు. కడ్డీలు పక్క నేలనంతా కలిపి పట్టుకుంటేనే ఆగుతుంది. ఎం25 కాంక్రీటుకి పూర్తి బలం 28 రోజులకి గానీ రాదు, ఏడో రోజుకి మూడింట రెండు వంతులే. పోసిన వారానికే బండెక్కించమని తొందరపెట్టినవాళ్లని అందుకే ఆపాం. పాట్లకి రోజువారీ జబ్బు ఒకటుంది. పుట్టీ పొడి, వానాకాలం నీళ్లు చేరి అడుగున గడ్డకడతాయి, గొలుసు పట్టే చీల పూర్తిగా కూర్చోదు. పైకి బిగిసినట్టే ఉంటుంది, బరువు పడగానే టప్పున ఊడుతుంది. ఆ పాట్లని గాలితో ఊది శుభ్రం చేసిన తర్వాతే బండి ఎక్కించాలని షెడ్డులో రూలు.

గొలుసు విషయంలో మొహమాటం లేదు. మేం వాడేది 10 ఎం.ఎం. గ్రేడ్ 80. దాని పని బరువు 3.15 టన్నులు, తెగే బరువు దానికి నాలుగింతలు. ర్యామ్ (లాగే హైడ్రాలిక్ జాకీ) మీద 10 టన్నులని రాసుంటుంది, అది గొలుసు బలం కాదు. మా ర్యామ్ పిస్టన్ వైశాల్యం 14.5 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి గేజిలో 200 బార్ అంటే దాదాపు 3 టన్నులు. అది దాటితే లాగం. అంత లాగినా రేకు కదల్లేదంటే బలం తక్కువై కాదు. ఎక్కడో విప్పాల్సిన బోల్టు విప్పలేదు, లేదా వేరే ముడత దాన్ని పట్టుకుని ఉంది. ఇంకో మాట. గొలుసు ఏటవాలుగా ఉంటే దాని మీద పడే బరువు పెరుగుతుంది. అడ్డంగా 2 టన్నులు కావాలనుకోండి, గొలుసు నేలకి 45 డిగ్రీల వాలులో ఉంటే 2.8 టన్నులు, 60 డిగ్రీల్లో 4 టన్నులు పడతాయి. క్లాంపుని మోసే ఎత్తైన స్టాండు నుంచి దగ్గర్లోని పాటుకి నిటారుగా కట్టడం సులువే, గొలుసుకి మాత్రం చేటు. అందుకే దూరం పాటుకి తక్కువ వాలుతో కడతాం, బేలో చోటు ఎక్కువ పట్టేది అందుకే.

నాలుగు క్లాంపులు పడ్డాయి కదా అని లాగేస్తే ఏమవుతుందో చూడండి. ఎడమ ముందు లాంగ్ మెంబర్ వెనక్కి తోసుకుపోయిన బండి అనుకుందాం. దాన్ని ముందుకి లాగితే బండి మధ్య గీతకి ఎడంపక్క లాగినట్టు. బండి ముక్కు కుడికి, తోక ఎడమకి తిరగాలని చూస్తుంది, ఒక్క పలుపుతో కట్టిన గేదె గుంజ చుట్టూ తిరిగినట్టు. వెనక్కి పట్టే గొలుసులు ఈ తిరుగుడుని ఆపవు. ముందు క్లాంపుల నుంచి ఎడమకొకటి, వెనక క్లాంపుల నుంచి కుడికొకటి అడ్డ గొలుసులు వేయాలి. ఎడమ, కుడి స్టాండ్లని కలుపుతూ అడ్డ పైపు బిగించకపోతే స్టాండ్లు పక్కకి ఒరుగుతాయి. లాగే గీత లాంగ్ మెంబర్ ఎత్తు కంటే కిందికి ఉంటే ముక్కు దిగుతుంది, క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) కింద దిమ్మ పెట్టాలి. ఇవన్నీ పెట్టేసరికి పూట గడుస్తుంది. బిల్లులో ఆ పెద్ద అంకె ఇదే.

కట్టడంతో కూడా బండి మెలి తిరగొచ్చు. ఒక స్టాండు నేల నుంచి 5 ఎం.ఎం. ఎత్తు తేడాతో ఉండి, దాని మీద గొలుసు బిగిస్తే, బాగున్న మధ్య భాగమే వంకరవుతుంది. అందుకే నీళ్ల ట్యూబు లెవెలుతో నాలుగు స్టాండ్లూ చూసి, గొలుసులు బిగించాక కింది కంట్రోల్ పాయింట్ల (కంపెనీ కొలతలిచ్చిన గుర్తుల) మధ్య మూల నుంచి మూలకి కొలతలు మళ్లీ తీస్తాం. మధ్య భాగం కంపెనీ కొలతలతో సరిపోయాకే లాగడం. లాగి, వంగిన చోట చుట్టూ సుత్తితో తట్టి, వదిలి, కొలవడం. వదలకుండా కొలిస్తే ఆ అంకె అబద్ధం, ఉక్కు కొంత వెనక్కి తంతుంది. మూడు ఎం.ఎం. తేడా లోపు వస్తే సరే అంటాం. మొదటి, చివరి కొలతల కాగితం రెండూ బిల్లుతో ఇస్తాం.

గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి లాగమని మమ్మల్ని అడగొద్దు. గట్టి ఉక్కు కాలితే మెత్తబడుతుంది, ఇంకోసారి గుద్దుకుంటే ముడుచుకోవాల్సిన తీరులో ముడుచుకోదు. బి పిల్లరులో (ముందు, వెనక డోర్ల మధ్య స్తంభంలో) వాడే, కాల్చి అచ్చులో నొక్కిన గట్టి ఉక్కు వంగితే లాగం, మార్చడమే. బ్యాటరీ నేల కింద ఉన్న ఎలక్ట్రిక్ బండ్లకి క్లాంపులు వేసే ఛాసిస్ పని ఇప్పటికి తీసుకోవడం లేదు. బ్యాటరీ ప్యాకు దించే శిక్షణ ఉన్న మనిషి మా దగ్గర లేడు. బొలెరో, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా లాంటి విడి ఫ్రేము బండ్లు తీసుకుంటాం. వాటికి పట్టు సిల్లు దగ్గర కాదు, ఫ్రేముకే.

పని అయ్యాక సిల్లు అంచు మీద క్లాంపు పళ్ల గాట్లు ఉంటాయి. దాచం. రుద్ది, ఎపాక్సీ ప్రైమరు, సీలెంటు, పైన అండర్‌కోటు, సిల్లు లోపలికి వ్యాక్సు స్ప్రే చేసే ఇస్తాం. ఈ చివరి మెట్టు ఎగ్గొట్టిన చోటే రెండో వానాకాలానికి తుప్పు పొంగు కనిపిస్తుంది. డెలివరీ తీసుకునేటప్పుడు సెల్‌ఫోన్ లైటు వేసి నాలుగు చోట్లా చూసుకోండి. తడి సీలెంటు ఉంటే ఆ రోజు బండి తీసుకెళ్లొద్దు.

ఇన్సూరెన్స్ బండ్లకి ఒక మనవి. సర్వేయరు చూడకముందే విప్పించకండి. మొదటి ఎస్టిమేటులోనే సెటప్, కొలతల లైను రాయిస్తాం, తర్వాత సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేటులో అడిగితే కోత పడుతుంది. రిపేరు ఖర్చు పాలసీలోని ఐడీవీలో (బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్ కింద లెక్కేస్తుంది. కొలతలు తీశాక ఆ గీత దాటేలా ఉంటే పనికి ముందే చెబుతాం. అప్పటికి అయిన సెటప్ చార్జీ మాత్రం ఇవ్వాల్సిందే.

బే ఒక్కటే ఉంది. ఒక బండి కట్టి ఉన్నంతసేపు ఇంకోటి ఎక్కదు, సగంలో దించి మళ్లీ కడితే కొలతలన్నీ మొదటికొస్తాయి. కాబట్టి చిన్న డెంటింగుకి ఎప్పుడైనా రండి, ఛాసిస్ పనికైతే ఫోన్ చేసి తేదీ తీసుకుని రండి. ఆర్‌సీ, పాలసీ కాపీ, యాక్సిడెంట్ జరిగిన చోటే తీసిన ఫోటోలు తెచ్చుకోండి. ఏ వైపు నుంచి ఏ కోణంలో తగిలిందో తెలిస్తే ఏ గొలుసు ఎటు కట్టాలో సగం అక్కడే తేలుతుంది.